దాసుగారి మెడబిళ్ళ

షష్ఠి తీర్థంలో హరికథ చెప్పే హక్కు మేడిశెట్టి పేర్రాజు దాసుగారికి ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఉంది. నిలబడి చెప్పే మోకాళ్ళే లేకుండా పోయాయి. కిందటేడు గత్యంతరం లేక కుర్చీ వేయించుకుని, కూర్చుని కథ చెప్పారు. హరికథ కూర్చుని చెప్పడమేమిటండీ! కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ, అదును చూసి ఒంటికాలి మీద గిర్రున ఓ తిరుగుడు. అదీ హరికథంటే. కుర్చీలో కూర్చుని చెబితే జనం దాన్ని పెద్దాయన సణుగుడు అంటారు. అన్నారు కూడా. తెల్లారేసరికి ఊళ్ళో ఆయనకు ‘కుర్చీ దాసు’ అని పేరు స్థిరపడిపోయింది.

ఉత్సవ కమిటీవారు మర్యాదస్తులు కాబట్టి మొహం మీద ఆ పేరు అనలేదు. “వచ్చే ఏడు కూడా కుర్చీయే అయితే పాపం తమరికెందుకండీ శ్రమ, ఆర్కెస్ట్రా పెట్టేసుకుంటాం” అని మాత్రం అన్నారు.

ఆ మాట దాసుగారికి అన్నం సయించకుండా చేసింది. మర్నాడే ఆటో ఎక్కి జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకి ఎత్తి చూసి, మోకాలి చిప్పల కింద గుజ్జు అరిగిపోయిందన్నాడు. “మూలకణాల చికిత్స అని కొత్తది ఒకటుందండి. మన ఒంట్లో కొవ్వే కాస్త తీసి, అందులోంచి మూలకణాలు వేరుచేసి, అరిగిన కీలులోకి ఎక్కిస్తారు. మనుషులకు చాలా ఆశాజనకంగా ఉంది” అన్నాడు.

“అయితే ఎక్కించెయ్యండి బాబూ” అన్నారు దాసుగారు, పంచె పైకి లాగి.

“ఆశాజనకంగా ఉందన్నాను గానీ, ఉందన్నానా?” అన్నాడు డాక్టరు. గోడ మీద రంగుల బోర్డులో అదే మాట రాసి ఉంది. మనుషుల మీద వాడాలంటే రాష్ట్రంలో ఓ మండలి ఉందట, ఆ మండలి ఒప్పుకోవాలట, ఒప్పుకోవడానికి వారు కూర్చోవాలట. వారికి మోకాళ్ళు బాగున్నాయో ఏమో, ఇంతవరకూ కూర్చోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దాసుగారి కుక్క బొబ్బట్టుని ఆటో గుద్దింది. వెనక కాలు ఈడ్చుకుంటూ తిరుగుతుంటే దాసుగారి భార్య మంగతాయారు చూడలేక, దాన్ని చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. పరిగెత్తిందంటే పాపం, మెట్టుమెట్టుకీ గోడ పట్టుకుని, “అమ్మా” అనుకుంటూ ఎక్కింది. అక్కడ ‘పెంపుడు జంతువుల మూలకణ చికిత్సా పథకం’ అని కొత్తగా తెరిచారు. డాక్టర్ హైమవతి అని చురుకైన మనిషి. “కొన్నిటికి గుణం కనిపిస్తుందమ్మా, కొన్నిటికి కనిపించదు. ఒట్టేసి చెప్పలేను” అని ముందే చెప్పి, బొబ్బట్టు పొట్టలోంచి చెంచాడు కొవ్వు తీసి, కణాలు వేరుచేసి, తుంటిలోకి ఎక్కించింది.

రెండు నెలలు తిరిగేసరికి బొబ్బట్టు పక్కింటి ప్రహరీ దూకి, ఎండబెట్టిన సావడాయ చేపలు నోట కరుచుకుని, మళ్ళీ అదే ప్రహరీ దూకి వచ్చింది. పక్కింటావిడ తిట్లు లంకించుకుంది. దాసుగారు మాత్రం అరుగు మీద కూర్చుని ఆ గోడ ఎత్తు కళ్ళతోనే కొలిచారు. కుక్క మీద అసూయ పడాల్సి వస్తుందని ఆయన ఏ కథలోనూ చెప్పలేదు.

“నేను కుక్కపాటి చెయ్యనా మంగా?” అన్నారు.

“ఆ సంగతి నేనెలా తేలుస్తానండీ, డాక్టరమ్మనే అడగండి” అంది మంగతాయారు.

ఇద్దరూ వెళ్ళి అడిగారు. హైమవతి నొచ్చుకుంది. “సూది నాదే, కణాలు మీవే దాసుగారూ. పథకం మాత్రం పెంపుడు జంతువులది. నేను చేస్తే నా ఉద్యోగం పోతుంది. కావాలంటే మార్గదర్శకాల పుస్తకం తీసుకెళ్ళి మీరే చదువుకోండి” అని చేతిలో పెట్టింది.

దాసుగారికి కళ్ళజోడు ఎక్కడుందో ఎప్పుడూ తెలియదు. అది తెలిసిన మంగతాయారే ఆ పుస్తకం కూడా చదివింది. మూడో పేజీలో ఆగింది.

“పెంపుడు జంతువు అనగా, ఒకటి, యజమాని గృహమునందు నివసించునది. రెండు, వేళకు యజమాని పెట్టు ఆహారముపై ఆధారపడునది. మూడు, స్వయముగా వండుకొనజాలనిది. నాలుగు, స్నానమునకు, మందుమాకులకు యజమాని సంరక్షణ అవసరమైనది. ఐదు, పిలిచిన పలుకునది అగు ప్రాణి.”

“మంగా, వేణ్ణీళ్ళు తోడావా? మోకాలి నూనె ఎక్కడ పెట్టావు?” అని అరుగు మీంచి కేకేశారు దాసుగారు.

మంగతాయారు ఆయన వంక చూసింది. పుస్తకం వంక చూసింది. మళ్ళీ ఆయన వంక చూసి, “ఏమండోయ్, ఇది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుందండి” అంది.

“ఛీ, నోర్ముయ్! నేను మనిషిని.”

“కాదని నేనన్నానా? మనిషి కాకూడదని ఇందులో ఎక్కడా రాయలేదు. అది చెబుతున్నాను.”

నిజమే, రాయలేదు. హైమవతి మూడుసార్లు చదివింది, దొరకలేదు. ఎందుకైనా మంచిదని పశుసంవర్ధక శాఖ సంయుక్త సంచాలకులు దివాకరంగారికి సందేహం రాసి పంపింది. ఆయన దగ్గరి నుంచి మామూలుగా ఆర్నెల్లకు గానీ జవాబు రాదు. ఈసారి మూడో రోజుకల్లా ఆయనే వచ్చేశారు. కారణం లేకపోలేదు. ఆ ఏడు జిల్లాకు మూడొందల జంతువుల లక్ష్యం ఇచ్చారు. బొబ్బట్టుతో కలిపి అప్పటికి పదకొండే అయ్యాయి.

దివాకరంగారు దాసుగారిని నఖశిఖపర్యంతం పరికించి గొంతు సవరించుకున్నారు. “డాక్టర్, నిర్వచనమునకు లోబడిన ఏ ప్రాణినైనను జాతి కారణముగా తిరస్కరించుట పథకము యొక్క స్ఫూర్తికి విరుద్ధము. సదరు ప్రాణి ఐదు లక్షణములను కలిగియున్నదా?”

“ఆయ్, ఐదూ ఉన్నాయండి” అంది మంగతాయారు. “ఆరోది అడిగినా ఉంటుంది.”

“అయినచో పురపాలక సంఘమునందు లైసెన్సు పొంది, మెడబిళ్ళతో హాజరుపరచవలెను” అన్నారు దివాకరంగారు.

దాసుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున చిడతలు పట్టుకుని, అలవాటు కొద్దీ ఒక తిరుగుడు తిరగబోయి, మోకాలు కలుక్కుమని గుంజకు చేరగిలపడ్డారు. గోడ మీద కిందటేడు తీర్థం ఫొటో ఉంది. అందులో కుర్చీ బాగా పడింది.

“పద మంగా, బిళ్ళ కట్టిద్దువుగాని” అన్నారు.

పురపాలక సంఘంలో కుక్కల లైసెన్సుల గుమాస్తా కామరాజు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క గడి ఖాళీ వదలని మనిషి. దాసుగారంటే భక్తి, దరఖాస్తు ఫారమంటే అంతకు మించిన భక్తి. లేచి దండం పెట్టి, కుర్చీ వేసి, ఫారం తీశాడు.

“ప్రాణి పేరు?”

“పేర్రాజు” అంది యజమానురాలు.

“రంగు?”

“చామనచాయ.”

“జాతి? దేశవాళీ అని రాస్తున్నానండి. గుర్తింపు చిహ్నం మీసం. కరుస్తుందా?”

“ఆకలేస్తే కసురుతుంది. కరవడమైతే ఇంతవరకూ లేదు.”

“అరుపులు ఏ వేళప్పుడండీ?”

“తెల్లారగట్ల నాలుగింటికి సాధకం.”

“ఇరుగుపొరుగు అభ్యంతరం?”

“ఉంది.”

అన్నీ పూర్తయ్యాక కామరాజు కలం ఆపి, తల దించుకుని, నేలతో చెప్పినట్టు చెప్పాడు. “తమరు మన్నించాలి. ఇంకొక్క కాగితం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ధ్రువపత్రం లేందే బిళ్ళ ఇవ్వడానికి వీల్లేదండి.”

దాసుగారు కళ్ళెర్రజేసి చూశారు. మంగతాయారు మాత్రం చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పచ్చబడ్డ కాగితం మడత విప్పింది. ముప్ఫై ఆరేళ్ళ కిందట స్కూల్లో పెట్టిన కుటుంబ నియంత్రణ శిబిరంలో దాసుగారు చేయించుకున్న ఆపరేషన్ తాలూకు కాగితం. ముద్ర చెక్కుచెదరలేదు.

“ఎప్పటికైనా పనికొస్తుందని దాచాను” అంది.

కామరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత సలక్షణంగా కాగితాలు తెచ్చిన యజమానిని అతను ఆ సీట్లో చూడలేదట. అప్పటికప్పుడు కుక్కకాటు టీకా వేయించి, నాలుగువందల పన్నెండో నంబరు బిళ్ళ ఇచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు పూలదండలు మోసిన మెడలో మంగతాయారు దాన్ని తులసిపూసలతో కలిపి కట్టింది. కడుతూ కడుతూ కిసుక్కున నవ్వింది. దాసుగారికి కోపం వచ్చింది గానీ, కరవదని అప్పుడే రాసిచ్చేశారు కదా.

చికిత్స జరిగింది. దాసుగారి పొట్టలో కొవ్వుకి కరువు లేదు కాబట్టి ఆ విషయంలో ఆసుపత్రి ఇబ్బంది పడలేదు. రెండు నెలలకు ఆయన పీట మీద కూర్చుని చెయ్యి ఊనకుండా లేచారు. మూడో నెలలో వీధరుగు మీద గజ్జె కట్టి ఒక తిరుగుడు తిరిగారు. బొబ్బట్టు మొరిగింది. ఆనందంతో మొరిగిందని దాసుగారు, పోటీ వచ్చిందని మొరిగిందని మంగతాయారు.

ఇహ ఊరు ఊరుకుంటుందా? పశువుల ఆసుపత్రి దగ్గర తెల్లారేసరికి బారు. మొగుళ్ళను తోలుకొచ్చిన పెళ్ళాలు, మామగార్లను తోలుకొచ్చిన కోడళ్ళు. రిటైరయిన డిప్యూటీ తాసీల్దారు ఒకాయనకు ఇద్దరు కోడళ్ళూ యజమానులమని పేచీ పడితే, ఎవరు పిలిస్తే పలుకుతాడో పరీక్షించి హైమవతి తేల్చింది. బిళ్ళలు అయిపోయి కామరాజు పక్క మునిసిపాలిటీ నుంచి అరువు తెచ్చాడు. ఆ రద్దీలో నిజం కుక్కలకు చోటు లేకపోయింది. అవి గేటు దగ్గర కూర్చుని లోపలికి పోయేవాళ్ళ మెడలు చూసి జాలిపడ్డాయి.

దీపావళి నాటికి మొత్తం మూడొందల పన్నెండు ప్రాణులు. దివాకరంగారికి రాష్ట్ర స్థాయి ప్రశంసాపత్రం వచ్చింది. ఆ లెక్క చూసే, ఇన్నేళ్ళూ కూర్చోని మనుషుల మండలి కూర్చుంది. కూర్చోవడమే కాదు, లేచింది కూడా. లేచి, తమ సభ్య కార్యదర్శి విశ్వంభరంగారిని పరిశీలనకు పంపింది.

విశ్వంభరంగారు పట్టికలన్నీ చదివి పరవశించిపోయారు. “మూడొందల పన్నెండు జంతువులలో రెండొందల పైచిలుకు వాటికి గణనీయమైన మెరుగుదల! ఇది మానవాళికి అత్యంత ఆశాజనకము” అన్నారు.

దాసుగారు ముందుకొచ్చారు. “చిత్తం. మానవాళి ఇక్కడే ఉందండి. నేను మనిషినండి. నా మోకాలు చూడండి, మడుస్తున్నాను, చాపుతున్నాను.”

విశ్వంభరంగారు ఆయన మెడలో బిళ్ళ చూశారు. రిజిస్టరులో నాలుగువందల పన్నెండు చూశారు. “రికార్డు ప్రకారము నీవు మానవుడవు కావు” అన్నారు దయగా. “జంతువులపై వచ్చిన ఫలితమును మానవులపై వచ్చినదిగా చూపుట శాస్త్రద్రోహము. మానవులపై ప్రయోగము జరుగవలెను. అందుకు మానవులు కావలెను. ఈ ఊరిలో కీళ్ళనొప్పులున్న మానవులెవరైనా మిగిలియున్నారా?”

ఎవరూ మిగల్లేదు. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయారు. పెద్దాసుపత్రి గోడ మీద ‘ఆశాజనకం’ చెరిపి ‘అత్యంత ఆశాజనకం’ అని రాశారు.

దాసుగారు అదేం పట్టించుకోలేదు. ఆయనకు కావలసింది షష్ఠి నాడు నిలబడడం. పది రోజులు ముందుగా గుళ్ళో ఆఫీసుకు వెళ్ళి, “ఈ ఏడు కుర్చీ అక్కర్లేదు. నిలబడే చెబుతాను” అన్నారు ఛాతీ విరుచుకుని.

గుడి అధికారి చేతులు నలుపుకున్నాడు. “సంతోషమేనండి. కానీ పెంపుడు జంతువులకు ఆలయ ప్రాంగణంలో ప్రవేశం లేదు. గేటుకు బోర్డు కూడా ఉంది, తమరు చూసే ఉంటారు.”

కాళ్ళు వచ్చాయి, వేదిక పోయింది. దాసుగారు ఆ గేటు దగ్గరే కూలబడ్డారు. నలభయ్యేళ్ళ కాపురంలో మొదటిసారి మంగతాయారు ఆయన కంట నీరు చూసింది. చూసి, చీరకొంగు బొడ్డున దోపి, ఈసారి దివాకరంగారి ఆఫీసు మెట్లెక్కింది. రెండంతస్తులు. గోడ పట్టుకుని, “అమ్మా” అనుకుంటూ.

దివాకరంగారికి ప్రశంసాపత్రం వేడి తగ్గలేదు. వెంటనే దారి కనిపెట్టారు. “పెంపుడు జంతువునకు ప్రవేశము నిషిద్ధము. ప్రదర్శన జంతువునకు నిషిద్ధము కాదు. ఏనుగు వచ్చుట లేదా? గంగిరెద్దు వచ్చుట లేదా?” అని అనుమతి పత్రం రాయించారు. షరతులు మూడే. సదరు ప్రాణిని మూడు గంటలకు మించి ఆడించరాదు. పశువైద్యులు హాజరుండవలెను. యజమాని ప్రదర్శన ముగియువరకు నీటి పాత్రతో ప్రక్కనే నిలబడియుండవలెను.

షష్ఠి సాయంత్రం దాసుగారు కథ చెప్పారు. అబ్బ, ఏం చెప్పారండీ! సముద్రం మీదికి ఎగిరే ఘట్టం రాగానే గజ్జె ఘల్లుమనిపించి, ఒంటికాలి మీద నాలుగు తిరుగుళ్ళు తిరిగి గాల్లోకి లేస్తే, కమిటీ ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ‘కుర్చీ దాసు’ అన్న నోళ్ళన్నీ గోవిందా అన్నాయి. తీర్థం చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న విశ్వంభరంగారు కళ్ళు తుడుచుకుంటూ పక్కాయనతో, “ఈ ఫలితము ఏనాటికైనా మనుషులకు కూడా దక్కితే ఎంత బాగుండును!” అన్నారు.

మంగళం పాడి దాసుగారు పక్కకు తిరిగారు. మూడు గంటలుగా నీళ్ళచెంబుతో నిలబడిన మంగతాయారు పందిరి గుంజను రెండు చేతులా వాటేసుకుని ఉంది. వేదిక మెట్టు ఒక్కటే, అది దిగలేకపోతోంది. చెంబు కిందపడింది. “అమ్మా” అంది.

ఆ “అమ్మా” దాసుగారికి కొత్త కాదు. ఏళ్ళ తరబడి వంటింట్లోంచి వినిపిస్తూనే ఉంది. పోపు చిటపట, గిన్నెల చప్పుడు, ఆ “అమ్మా”, అన్నీ కలిపి వంట అవుతోంది కాబోలనుకునేవారు. పురపాలక సంఘం మెట్లు, ఆసుపత్రి మెట్లు, దివాకరంగారి రెండంతస్తులు ఎవరెక్కారో అప్పుడు గుర్తొచ్చింది. దండ తీసి పక్కన పడేసి, ఆవిడ రెక్క పట్టుకుని దింపారు.

మర్నాడు కామరాజు ఆఫీసు తలుపు తీసేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. “మా ఆవిడకు బిళ్ళ కావాలి. యజమానిని నేను” అన్నారు దాసుగారు.

“తమరే ఒక పెంపుడు కదండీ. పెంపుడుకి పెంపుడు ఉండకూడదండి” అన్నాడు కామరాజు. “ముందు తమ లైసెన్సు రద్దు చేయించుకోవాలి. కారణాలు మూడే ఉన్నాయండి. చచ్చిపోయింది, ఒకరికి ఇచ్చేశాం, తప్పిపోయింది.”

“ఇచ్చేద్దామంటే తీసుకునేవాళ్ళెవరు? తప్పిపోయిందని రాసుకోండి” అంది మంగతాయారు.

బిళ్ళ విప్పగానే కామరాజు దాసుగారిని అప్పుడే వచ్చినట్టు పలకరించి, దండం పెట్టి, కొత్త ఫారం తీశాడు. “ప్రాణి పేరు మంగతాయారు. యజమాని తమరు. ఈ ప్రాణికి వేళకు అన్నం ఎవరు పెడతారండీ?”

దాసుగారు మంగతాయారు వంక చూశారు.

“ఎవరూ పెట్టరు” అంది మంగతాయారు.

“స్వయంగా వండుకోగలదా?”

“తనకే కాదు, ఊరికి చేసిపెట్టగలదు.”

“జ్వరమొస్తే మందులు, వేణ్ణీళ్ళు ఎవరిస్తారండీ?”

“జ్వరం వచ్చినట్టు ఎవరికైనా తెలిస్తే కదా.”

“పోనీ, పిలిస్తే పలుకుతుందా?”

“అదొక్కటీ రాసుకోండి నాయనా. నలభయ్యేళ్ళుగా పలకడమే పని.”

కామరాజు గడులు లెక్కపెట్టాడు. ఎంత భక్తి ఉన్నా ఫారం ఫారమే. “ఒకే ఇంట్లో ఉండడం, పలకడం. ఐదింటికి రెండేనండి. ప్రస్తుతానికి ఈ ప్రాణి పెంపుడు కిందకి రాదు. ఎవరూ పెట్టకుండా తనంతట తాను బతికేవాటిని మేం వీధి జంతువులంటామండి” అన్నాడు మెల్లగా. దాసుగారి వంక చూడలేక అతనే పేజీ తిప్పాడు. “తొంభై రోజులు వరసగా తమరు వండి, వడ్డించి, సాకినట్టు మేం వచ్చి చూసి రాసుకుంటే అప్పుడు వస్తుందండి.”

“రండి” అన్నారు దాసుగారు. “ఇవాళే రండి.”

ఆ మధ్యాహ్నం కామరాజు రిజిస్టరు పట్టుకుని వచ్చేసరికి మంగతాయారు పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళకు నూనె రాసి ఉంది. వంటింట్లో దాసుగారు ఉప్పు ఎక్కడుందో తెలియక ఏడు డబ్బాలు తెరిచి, అడగడానికి అభిమానం అడ్డొచ్చి, ఎనిమిదోది తెరుస్తున్నారు. కాసేపటికి ఉప్మా అని చెప్పి ఒకటి తెచ్చి, ఆవిడ ముందు పెట్టి, మంచినీళ్ళు కూడా పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మంగతాయారు ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కామరాజు వైపు తిరిగి, “బాబూ, నా ఫారంలో కరవదనే రాశావు కదూ?” అంది.

“ఆయ్, అలాగే రాశానండి.”

“అందుకనే తింటున్నాను” అని, రెండో ముద్ద తీసుకుంది.